గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దు!

కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? క్షణంలో నొప్పి తెలుస్తుంది. నరాలు ఆ కబురును మెదడుకు చేరవేస్తాయి. మెదడు ఆజ్ఞ ఇవ్వగానే చెయ్యి వెళ్ళి ముల్లు పీకేస్తుంది. నొప్పి మనకు బాధే కావచ్చు, కానీ అది మేలు చేసే కబురు. ఆ కబురే రాకపోతే ముల్లు లోపలే ఉండి, చీము పట్టి, కాలు మొత్తం వాచేది.

మరి మనం ఉండే ఇంటికి నరాలు ఉన్నాయా? గోడలో చెమ్మ పుడితే, స్విచ్చి లోపల స్క్రూ వదులైతే ఇల్లు 'అబ్బా' అనదు. ఇంటి నరాలు ఎవరంటే, ఆ ఇంట్లో రోజూ తిరిగే మనుషులే. వారి కళ్ళు, ముక్కు, చెవులు, వేళ్ళే ఇంటికి జ్ఞానేంద్రియాలు.

సొంత ఇల్లయితే చూసేవారూ వారే, బాగుచేయించేవారూ వారే. అద్దె ఇంట్లో అలా కాదు. లోపాన్ని చూసేది అద్దెకున్నవారు, బాగుచేయించవలసింది ఇంటిగలవారు. ఇంటిగలవారు పక్క వీధిలో ఉండవచ్చు, వేరే ఊళ్ళో ఉండవచ్చు, వేరే దేశంలోనే ఉండవచ్చు. అద్దెకున్నవారు కబురు చెయ్యకపోతే ముల్లు లోపలే ఉండిపోతుంది. 'ఈ చిన్న విషయానికి చెప్పటం ఎందుకులే' అని చాలామంది ఊరుకుంటారు. చిన్న లోపాన్ని చిన్నగా ఉండగానే ఎందుకు చెప్పాలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చక్కగా వివరిస్తాయి. అదేమిటో చూద్దాం.

గోడ ఎక్కే నీరు

నీరు పల్లమెరుగు అంటారు. అయితే గోడ అడుగున ఉన్న నీరు పైకి ఎందుకు ఎక్కుతుంది? దీపంలో నూనె వత్తి వెంట పైకి పాకినట్లే! ఒక పళ్ళెంలో వేలెడు లోతు నీరు పోసి, బాగా ఎండిన ఇటుకను నిలబెట్టి చూడండి. కొద్దిసేపట్లోనే తడి గీత ఇటుక మీద పైకి జరగటం కనిపిస్తుంది. ఇటుకలోనూ, సున్నంలోనూ, సిమెంటు పూతలోనూ కంటికి కనిపించనంత సన్నని దారులు లెక్కలేనన్ని ఉంటాయి. వెంట్రుకవంటి సన్నని గొట్టంలో నీరు తనంత తాను పైకెక్కే ఈ గుణాన్నే కేశనాళికత అంటారు.

గొట్టం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న గాజు గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసం పదోవంతుకు తగ్గితే ఎత్తు పదిరెట్లు, అంటే 30 సెంటీమీటర్లు అవుతుంది. గోడ ఉపరితలం నుంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది కనుక చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు ప్రాంతంలో ఆగిపోతుంది. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే. నేలలోంచి, ఇటుకలోంచి అది తెచ్చిన లవణాలు పూత వెనకే మిగిలిపోతాయి. అవి స్ఫటికాలుగా పెరిగి సున్నాన్ని, పూతను బయటికి నెడతాయి. గోడ మీద కనిపించే తెల్లని పొడి, పొక్కులు, ఊడిపడే పెచ్చులు వీటి పనే.

కనుక చెమ్మ గోడ మీద మళ్ళీ సున్నం కొట్టడం వైద్యం కాదు. నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, అంటే పగిలిన గొట్టమా, మూసుకుపోయిన కాలువా, గోడవారగా నిలిచిన మురుగా అన్నది వెతకాలి. మొదటివారంలోనే వెతికితే ఒక గొట్టం అతుకుతో పని సరిపోవచ్చు.

స్లాబులో దాగిన శత్రువు

ఇప్పుడు పైకప్పు సంగతి. కాంక్రీటు స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయని మీకు తెలుసు. ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజను, నీరు రెండూ కావాలి. మరి తడి కాంక్రీటులో పెట్టిన ఇనుము అప్పుడే ఎందుకు తుప్పు పట్టలేదు? కాంక్రీటు గట్టి క్షారం కాబట్టి. దాని పి.హెచ్. విలువ 12.5కు పైగా ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుము చుట్టూ అతి పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. అదే చువ్వకు కవచం.

గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ మెల్లగా కాంక్రీటులోకి చొరబడి, అందులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. దాంతో క్షారగుణం తగ్గుతూ వస్తుంది. పి.హెచ్. విలువ సుమారు 9కి దిగిందంటే చువ్వ కవచం పోయినట్లే. గట్టి కాంక్రీటులో ఇలా జరగటానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. పగుళ్ళు ఉన్నచోట గాలి, నీరు తిన్నగా చువ్వదాకా వెళ్ళిపోతాయి. ఇళ్ళ స్లాబుల్లో చువ్వకు అడుగున ఉండే కాంక్రీటు మందం సాధారణంగా 20 మిల్లీమీటర్ల పాటిదే, అంటే వేలి వెడల్పుకు కాస్త ఎక్కువ.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఏ రకం తుప్పు అన్నదాన్నిబట్టి అది రెండింతలనుంచి ఆరింతలదాకా ఉంటుంది. గట్టి కాంక్రీటు మధ్య ఇరుక్కున్న చువ్వ ఉబ్బితే ఏమవుతుంది? కాంక్రీటు పగులుతుంది. పగులు పెద్దదైతే మరింత నీరు, మరింత గాలి లోపలికి వెళతాయి. తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. పగులు ఇంకా పెరుగుతుంది. చివరికి ఒకరోజు పెచ్చు ఊడి కింద పడుతుంది. కింద ఖాళీ నేల ఉంటే సరే, మంచం ఉంటే? ఊయలే ఉంటే?

చూశారా, లోపం రోజుకు ఇంత అని సమానంగా పెరగలేదు. తన వేగాన్ని తానే పెంచుకుంటూ పోయింది. మొదటి ఏడాది ఒక అడుగు వేసిన లోపం, తరవాత పది అడుగులు వేస్తుంది. మరమ్మతు ఖర్చూ దాని వెంటే పరుగెడుతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ప్రచురితమైన రచనలో దీన్ని 'ఐదుల సూత్రం'గా చెప్పాడు. కట్టేటప్పుడు ఒక రూపాయి శ్రద్ధతో తప్పేది, తుప్పు మొదలుకాకముందు సవరిస్తే 5 రూపాయలు, అక్కడక్కడ తుప్పు మొదలయ్యాక 25 రూపాయలు, అంతటా వ్యాపించాక 125 రూపాయలు అవుతుందని దీని భావం. ఇది తూకం వేసి చెప్పిన లెక్క కాదు, అనుభవంతో వేసిన అంచనా. అయినా దాని పోకడ మాత్రం మన పెద్దలు ఏనాడో చెప్పిన మాటే: గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఫ్యూజు కనిపెట్టలేని మంట

ఇంట్లో కరెంటుకు సంబంధించిన ప్రమాదాలన్నింటినీ ఫ్యూజు గానీ, ట్రిప్ అయ్యే స్విచ్చి గానీ ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చిన్న లెక్క వేద్దాం.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాని ప్లగ్గు బిగించే సాకెట్టు లోపల ఒక స్క్రూ వదులైందనుకోండి. అక్కడ నిరోధం పెరుగుతుంది. అది ఓములో పదోవంతే అనుకుందాం. ఉష్ణంగా మారే సామర్థ్యం కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చిస్తే వస్తుందని జౌల్ నియమం. 9 వర్గం 81. దాన్ని 0.1తో హెచ్చిస్తే 8.1 వాట్లు. ఇంత వేడి ఒక స్క్రూ తల దగ్గర పుడుతూ ఉంటుంది. ఆ వేడికి రాగి పైన ఆక్సైడు పొర పేరుకుంటుంది, స్క్రూ ఇంకా వదులవుతుంది. నిరోధం అర ఓముకు పెరిగిందా, వేడి 40 వాట్లు దాటుతుంది. రేడియో బాగుచేసేవారు సీసం కరిగించటానికి వాడే సోల్డరింగు కడ్డీలు చాలావరకు ఇంత సామర్థ్యం ఉన్నవే! అటువంటి కడ్డీని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూతవేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

అయినా గీజరు మామూలుగానే నీళ్ళు కాస్తుంది. 230 వోల్టుల్లో నాలుగున్నర వోల్టులు తగ్గితే ఎవరికీ తెలియదు. కరెంటు పెరగలేదు కనుక ఫ్యూజు కాలదు, స్విచ్చి ట్రిప్ కాదు. దీన్ని కనిపెట్టగలిగేవి మన ఇంద్రియాలే. ప్లాస్టిక్ మాడిన వాసన ముక్కుకు, గోధుమరంగు మచ్చ కంటికి, చిటపటమనే చప్పుడు చెవికి, స్విచ్చిబోర్డు వెచ్చదనం చేతికి తెలుస్తాయి. నరం పనిచేసింది. ఇక కబురు చేరవేయటమే మిగిలింది. ఇటువంటిచోట 'రేపు చెబుదాంలే' అన్నమాట పనికిరాదు.

చిన్నవే, కానీ ఊరుకోనివి

కారే కుళాయిని తీసుకోండి. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి దాదాపు 1,577 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 105 బిందెలు! దీనికి కారణం చాలాసార్లు అరిగిపోయిన చిన్న రబ్బరు వాషరే. పైగా ఆ నీరు ఒక మూల నిలిచిందా, డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమకు అది పురిటిగది. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావటానికి వారం పది రోజులు చాలు.

పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్కను చూసే ఉంటారు. పక్షి రెట్టలో వచ్చిన గింజ అది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడు వేలితో పీకేయవచ్చు. రెండేళ్ళు ఊరుకుంటే దాని వేరు పగులును చీల్చుకుంటూ పోతుంది. అప్పుడు మొక్క తీయాలంటే గోడ విప్పాలి. మొక్కై వంగనిది మానై వంగునా?

ద్వారబంధం పక్కన మట్టితో కట్టిన సన్నని సొరంగం కనిపిస్తే అది చెదలు నడిచే దారి. వెలుతురు, పొడిగాలి వాటికి పడవు కనుక ఆ సొరంగంలోనే తిరుగుతాయి. కర్రలోని సెల్యులోజు వాటి ఆహారం. పైకి రంగు చెక్కుచెదరకుండా లోపల కర్ర గుల్ల అయిపోతుంది. ఆ సొరంగాన్ని చీపురుతో దులిపేసి ఊరుకుంటే చెదలు పోవు, వాటి ఆనవాలు మాత్రమే పోతుంది.

మరి ఎందుకు చెప్పరు?

అద్దెకున్నవారు ఊరుకోవటానికి కారణాలు లేకపోలేదు. 'మన ఇల్లు కాదుగా' అనేవారు కొందరు. 'చెబితే అద్దె పెంచుతారేమో, ఖాళీ చెయ్యమంటారేమో' అని భయపడేవారు మరికొందరు. 'మీరే పాడుచేశారు అంటారేమో' అనే సంకోచం ఇంకొందరికి. ఈ భయాలు ఉత్తవని కొట్టిపారేయలేం. కానీ ఊరుకుంటే ఆ భయాలు తగ్గవు, పెరుగుతాయి. పెచ్చు ఊడిన తరవాత చెబితే 'ఇన్నాళ్ళూ ఏం చేశారు?' అన్న ప్రశ్న వస్తుంది. ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది. మచ్చ చెయ్యంత ఉన్నప్పుడు చెబితే ఇంటిగలవారికీ అది మేలు. పది రోజుల ఆలస్యం వల్ల నష్టపోయేది వారి ఆస్తే కదా!

చట్టం కూడా కబురుకే పెద్దపీట వేసింది. మన దేశంలోని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేవిధంగా రాసుకోకపోతే, ఇంటిగలవారు చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తరవాత తగిన వ్యవధిలో వారు చేయకపోతే అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. 'నోటీసు ఇచ్చిన తరవాత' అన్న మాటను గమనించండి. చెప్పనిదే ఆ హక్కు మొదలే కాదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఇంటికి నష్టం కలిగితే అద్దెదారు రాతపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉంది. ఎవరి పని ఏదో కూడా అది విడదీసింది. కట్టడపు మరమ్మతులు, నీటి గొట్టాలు మార్చటం, వైరింగు ఇంటిగలవారివి. కుళాయి వాషర్లు, స్విచ్చీలు, సాకెట్లు, కాలువలు శుభ్రం చేయటం అద్దెదారువి. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలులోకి వస్తుంది. కనుక అద్దె ఒప్పందంలో ఏం రాసుకున్నారో ముందు పెద్దవారిచేత చదివించండి.

ఎలా చెప్పాలి?

'ఇల్లంతా కారుతోందండీ' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. శాస్త్రజ్ఞుడు చెప్పినట్లు చెప్పండి: ఎక్కడ, ఎప్పటినుంచి, ఎంత, ఎప్పుడు ఎక్కువవుతున్నది. ఇందుకు మీరు ఇంట్లోనే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

1. చెమ్మ మచ్చ గోడమీద అందే ఎత్తులో ఉంటే దాని అంచువెంట పెన్సిలుతో సన్నగా గీత గీసి తేదీ వెయ్యండి. మూడురోజుల తరవాత మళ్ళీ చూడండి. గీత దాటితే మచ్చ పెరుగుతున్నట్లే.

2. గోడ పగులుకు అడ్డంగా సన్నని కాగితం ముక్కను రెండు చివరలా అతికించి తేదీ వెయ్యండి. కొన్నాళ్ళకు కాగితం చిరిగితే పగులు ఇంకా కదులుతున్నదని అర్థం.

3. చెమ్మ గోడలోంచి వస్తున్నదా, గది గాలిలోంచా? జానెడు పాలిథీన్ ముక్కను గోడకు నాలుగువైపులా అంటించి ఒకరోజు ఉంచండి. నీటి బిందువులు గోడవైపున ఉంటే తేమ గోడలోంచి వస్తున్నది. గదివైపున ఉంటే గాలిలోనిది.

4. రాత్రి అందరూ పడుకోబోయేముందు ట్యాంకులో నీటిమట్టం ఎంత ఉందో పెద్దవారిచేత చూపించి రాసుకోండి. మోటారు వెయ్యకుండా, ఎవరూ నీరు వాడకుండా తెల్లవారాక మళ్ళీ చూడాలి. మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్లే.

కొలతలు పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. చూసినరోజే నోటిమాటగా చెప్పాలి. కొలతలు చేతికి రాగానే కాగితంమీద రాసి ఇవ్వాలి. ఒక ప్రతి మన దగ్గర ఉంచుకోవాలి. ఫోనులో పంపితే ఫొటో కూడా జతచేయవచ్చు. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

'ఇంటిగలవారికి నమస్కారం. మేము అద్దెకుంటున్న మీ ఇంట్లో వెనక గది గోడమీద, కిటికీకి ఎడమవైపున, చెమ్మ మచ్చ కనిపించింది. జూలై 6న మొదటిసారి చూశాము. అప్పుడు వెడల్పు 12 సెంటీమీటర్లు. జూలై 9 నాటికి 15 సెంటీమీటర్లు అయింది. వాన పడిన మరునాడు ఎక్కువవుతున్నది. గోడకు అవతల డాబా నీటి గొట్టం ఉంది. మేస్త్రీని తీసుకొని వచ్చి ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాము. ఆదివారం మేము ఇంట్లోనే ఉంటాము.'

ఇందులో నింద లేదు, వేడుకోలు లేదు. ఉన్నవి ఉన్నట్లు చెప్పే వివరాలే ఉన్నాయి. మేస్త్రీకి కూడా ఏ పనిముట్లు తెచ్చుకోవాలో ఈ నాలుగు ముక్కలే చెబుతాయి.

ఎంత తొందరగా?

అన్ని లోపాలూ ఒకటి కావు. కుళాయినో, తడిగోడనో ముట్టుకుంటే జిల్లుమన్నా, మాడిన వాసన వచ్చినా, పైకప్పు పెచ్చు వేలాడుతున్నా ఆ నిమిషమే పెద్దవారికి చెప్పాలి. వారు మెయిన్ స్విచ్చి ఆపాలి, ఆ గదిని ఖాళీ చేయాలి, ఇంటిగలవారికి, ఎలక్ట్రీషియన్‌కు కబురు చేయాలి. మీరు స్విచ్చిబోర్డు విప్పకూడదు, పిట్టగోడ ఎక్కకూడదు. గొట్టం కారటం, తూము మూసుకుపోయి డాబామీద నీరు నిలవటం, చెదల సొరంగం వంటివి ఆ రోజే చెప్పాలి. తలుపు బిగుసుకుపోవటం, పూతలో వెంట్రుకవాసి పగులు వంటివి తేదీ వేసుకొని ఆ వారంలోగా చెప్పవచ్చు.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. నోటుపుస్తకం, పెన్సిలు, స్కేలు తీసుకొని మీ ఇల్లంతా తిరగండి. ప్రతి గదిలో పైకప్పు, గోడ మూలలు, కిటికీల అడుగుభాగం, కుళాయిలు, స్విచ్చిబోర్డుల పరిసరాలు చూడండి. ముట్టుకోకుండా చూడవలసినవి చూసి, కొలవవలసినవి కొలిచి రాయండి. అద్దె ఇల్లయితే ఆ కాగితం ఇంటిగలవారికి చేరేలా అమ్మానాన్నలతో చెప్పండి. సొంత ఇల్లయితే అది మేస్త్రీకి పనికివస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా అద్దెకుంటే, వారిని కూడా అడిగి రాసుకోవటం మరచిపోకండి.